పిడికిట్లో గుడి

దిస్త్రోస్ నెల 2

పగలంతా అక్షరాలు తిరగేసి చెక్కుతాను. అచ్చులో తిరగబడి ఉంటేనే నాణెం మీద సూటిగా పడతాయి. జీవితమంతా ఇదే పని కావడంతో ఈ మధ్య వీధిలో శాసనాలను కూడా కొసనుంచి మొదటికి చదవబోతున్నాను. అందుకే సాయంత్రాలు ఈ మైనపు పలకల మీద నాలుగు ముక్కలు సూటిగా రాసుకుందామని మొదలుపెట్టాను. ఎవరి కోసమూ కాదు. నా భార్య అమ్మియాకి చదువు రాదు, కాబట్టి ఆమె గురించి కూడా ధైర్యంగా రాసుకోవచ్చు.

ఈ ఏడాది కంచు నాణేల ఖర్చు మా ఊరి పెద్ద హెర్మొలావోస్ గారిది. వెండి కొట్టేది రోమ్ వాళ్ళు, మాకు కంచు వరకే అనుమతి. ఖర్చు పెట్టినవాడి పేరు నాణెం అంచున పడుతుంది. కానీ ఆయన అసలు ఆశ అది కాదు. మా ఊళ్ళో చక్రవర్తికి గుడి కట్టుకునే అనుమతి రావాలి. దాంతో వచ్చే బిరుదు ఊరి పేరు పక్కన చేరాలి. ఆ గుడికి ఆయన మొదటి పూజారి కావాలి. ఆ బిరుదును విప్పి చెప్పుకుంటే, గుడి ఊడ్చే ఊరు అని. చీపురు పట్టే గౌరవం కోసం ఊళ్ళకు ఊళ్ళు జుట్లు పట్టుకుంటున్నాయి. మా రాయబారులు రోమ్‌లో ఉన్నారు. ఏటవతలి ఊరి రాయబారులూ అక్కడే ఉన్నారు, అదే అడగడానికి. ఇద్దరిలో ఒక్కరికే ఇస్తారట.

దిస్త్రోస్ 5

హెర్మొలావోస్ గారు కొలిమికి వచ్చారు. బిరుదుతో సహా గుడి అచ్చు ఇప్పుడే చెక్కెయ్ పాపియాస్ అన్నారు. రోమ్ నుంచి కబురు ఇంకా రాలేదు కదండీ అన్నాను. కబురొచ్చిన పూటే నాణేలు సంతలో గలగలలాడాలోయ్, ఏటవతలి వాళ్ళు కళ్ళు నులుముకునే లోపల మనది చెల్లిపోతూ ఉండాలి అన్నారు. అప్పటిదాకా కొట్టినవి కొట్టినట్టు పెట్టెలో వెయ్యాలట. తాళంచెవి ఆయన మెడలో ఉంటుందట.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా మా సుత్తి మనిషి గ్లికోన్ ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. తర్వాత, ఆలు లేదు చూలు లేదు, అయ్యగారు కొడుక్కి పేరు పెట్టేశారు మావా అన్నాడు.

పేరుతో ఆగలేదు. కొండవాలున గుడి స్థలంలో మేకులు పాతించి తాళ్ళు కట్టించారు. సంతలో ఉన్న చక్రవర్తి విగ్రహాన్ని దిమ్మె మీంచి దింపించారు. కొత్త గుడిలో పెట్టే ముందు బంగారు పూత పూయించాలని తన కొట్లో పెట్టి తాళం వేశారు. సంతలో ఇప్పుడు ఖాళీ దిమ్మె మిగిలింది. దాని మీద పిచ్చుకలు కాపురం పెట్టాయి.

దిస్త్రోస్ 11

గుడి చెక్కుతున్నాను. రెండు వేళ్ళ వెడల్పు చోటు. అందులో మెట్లు, స్తంభాలు, పైకప్పు, లోపల దేవుడు.

నిజం గుడికి ఎదురుగా నిలబడితే నడిమి స్తంభాలు అడ్డం వచ్చి లోపలి విగ్రహం సగమే కనిపిస్తుంది. నాణెం మీద అలా చెక్కకూడదు. నడిమి స్తంభాలను పక్కకు జరిపేస్తాం. తప్పు కదా నాన్నా అని చిన్నప్పుడు అడిగాను. దండం పెట్టుకోడానికొచ్చిన వాడికి స్తంభాలు అడ్డం రావురా, వాడికి దేవుడే కనిపిస్తాడు, మనం వాడి కళ్ళతో చెక్కాలి అన్నాడు.

సాయంత్రం తలెత్తి కొండవాలుకేసి చూశాను. మేకులు, తాళ్ళు, మేస్తున్న రెండు మేకలు. తల దించి అచ్చులోకి చూశాను. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లేని దాన్ని ఉన్నట్టు చెక్కుతున్నానా, రాబోయేదాన్ని పిలుస్తున్నానా, నాకే తెలియలేదు.

దిస్త్రోస్ 19

చక్రవర్తి ముఖం పూర్తయింది. రోమ్ నుంచి వచ్చిన పటం చూసి చెక్కాను. ముక్కు పక్కన ఉలి వెంట్రుకవాసి జారింది. ఆ సంగతి నాకు, ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

క్సాందికోస్ నెల 1

తొలి దెబ్బ.

కింద ముఖం అచ్చు, పైన గుడి అచ్చు, మధ్యలో ఎర్రగా కాలిన బిళ్ళ. గ్లికోన్ సుత్తి ఎత్తాడు. ఒకటే దెబ్బ. పై అచ్చు తీసి చూస్తే పొగ కక్కుతూ లోకమంతటి ఏలిక నాకేసి చూస్తున్నాడు. తిప్పాను. ఆయన గుడి. చుట్టూ బిరుదు, హెర్మొలావోస్ గారి పేరు. దేన్నయినా వెక్కిరించే గ్లికోన్, దాన్ని ముట్టుకునే ముందు చేతులు బట్టకేసి తుడుచుకున్నాడు. నేను చూశానని సిగ్గుపడి, మసి ఉంది మావా అన్నాడు.

ఉలి జారిన చోటు నాకు తెలుసు. అయినా తల దానంతటదే వంగింది.

మా కొలిమికి తాతలనాటి ఆచారం ఒకటుంది. కొత్త అచ్చు తొలిదెబ్బ నాణెం, ఆ తర్వాత ఎవరు ముందుగా మా గడప తొక్కితే వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే అచ్చు పగులుతుంది. మా నాన్న ఒకసారి పిసినారితనం చేసి దాచుకున్నాడు. మధ్యాహ్నానికి అచ్చు రెండు ముక్కలైంది.

ముందుగా గడప తొక్కింది త్రొఫిమే. హెర్మొలావోస్ గారింటి వంటమనిషి. ఆ ఇంటి బానిసకు పుట్టి, ఆ ఇంటి పొయ్యి ముందే నడివయసుకు వచ్చిన మనిషి. అయ్యగారి ఖర్చుతో పని జరుగుతోంది గనక మాకు రోజూ పప్పు పులుసు, బార్లీ రొట్టె ఆమే మోసుకొస్తుంది. గ్లికోన్ నాకేసి చూశాడు, పెట్టెకేసి చూశాడు. అయ్యగారి మాట ఈ ఏటిది, ఆచారం తాతలది. నాణెం ఆమె చేతిలో పెట్టాను. బయట ఎవరికీ చూపించకమ్మా అన్నాను.

త్రొఫిమే దాన్ని చాలాసేపు చూసింది. లోపల నిలబడ్డది ఎవరు అన్నా అని అడిగింది. నాణెం తిప్పి, ఇటువైపు ఉన్నాయనే అన్నాను. తలుపులు ఎప్పుడూ ఇలా తెరిచే ఉంటాయా అంది. నేను తెరిచి చెక్కాను, ఇక మూసేవాడెవడు అన్నాను. నవ్వి కొంగున ముడేసుకుంది.

క్సాందికోస్ 9

అమ్మియా నీళ్ళ దగ్గర విని వచ్చింది. హెర్మొలావోస్ గారు గుడికి పాలరాయి బేరం కుదుర్చుకున్నారట. దొకిమియోన్ గనుల గుత్తేదారు రాయి ఇస్తాడు. బదులుగా గని కూలీలకు వండి పెట్టే మనిషి కావాలన్నాడు. త్రొఫిమేని ఇస్తున్నారు. రేపో మాపో బండి వస్తుంది.

ఆమె అన్నను కూడా వెనక ఆ గనులకే పంపారు. రెండో చలికాలం తర్వాత కబురు రాలేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటే మనిషి నిలబడి ఉండగానే రాయైపోతాడంటారు.

అమ్మియా రొట్టె విరిచి తినకుండా కూర్చుంది. దేవుడికి ఇల్లు కట్టడానికి దానికి సమాధి కట్టాలా అంది. గుడి చెక్కింది నేనే.

క్సాందికోస్ 12, మధ్యాహ్నం

సాయంత్రం దాకా ఆగలేక ఇప్పుడే రాస్తున్నాను.

పొద్దున గుత్తేదారు బండి వచ్చింది. బండి ఎక్కించబోతే త్రొఫిమే విదిలించుకుని సంతలోకి పరుగెత్తింది. ఎందుకో అందరికీ తెలుసు. చక్రవర్తి విగ్రహం కాళ్ళు పట్టుకున్న బానిసను ఎవరూ లాగకూడదు. యజమాని కూడా. పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన ధర్మం అది. కానీ విగ్రహం ఎక్కడుంది? అయ్యగారి కొట్లో, తాళం వెనకాల. ఆమె దిమ్మె దాకా వచ్చి పైకి చూసింది. పిచ్చుకలు లేచిపోయాయి.

అయ్యగారి మనుషులు ఇద్దరు నడుచుకుంటూ వచ్చారు. ఖాళీ దిమ్మె దగ్గర నిలబడ్డదాన్ని పట్టుకోడానికి పరుగెందుకు?

త్రొఫిమే దిమ్మెకు వీపు ఆనించి, కొంగు ముడి విప్పి, చెయ్యి పైకెత్తింది. ఈయన కాళ్ళు పట్టుకున్నాను, ఈయన గుళ్ళో ఉన్నాను, రండి అంది. గట్టిగా అరవలేదు. ఉప్పు సరిపోయిందా అని మమ్మల్ని అడిగే గొంతుతోనే అంది.

వాళ్ళలో పెద్దవాడు చెయ్యి చాపాడు. ఎండలో కంచు తళుక్కుమంది. వాడు ఆ ముఖం చూశాడు. చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. వెనక్కి తీసుకోడానికి భయం, ముందుకు పెట్టడానికి భయం. చివరికి ఆ చేత్తోనే తన తల గోక్కుని రెండడుగులు వెనక్కి వేశాడు.

నేను చేపల కొట్టు పక్కన ఉన్నాను. అది నా ఉలి పని. నా ముక్కు, నా స్తంభాలు. కానీ ఆ క్షణాన అది నాది కాదు. నాకు కన్నీళ్ళొచ్చాయి.

అదే రోజు, సాయంత్రం

ఇంకా అక్కడే ఉంది. చెయ్యి దించితే లాగేస్తారని భయం. దిమ్మె అంచు మీద మోచెయ్యి ఆనించుకుంది.

అమ్మియా నీళ్ళు, అత్తిపళ్ళు పట్టుకెళ్ళింది. తినిపించి, చుట్టూ చూసి, దేవుడి ముందు ఇంత చెత్తా అంది. చేప పొలుసులు, క్యాబేజీ ఆకులు, గాడిద పేడ. చేపలవాడి చీపురు లాక్కుని ఊడవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో మూలలు ఇంత శ్రద్ధగా ఊడవగా నేను చూడలేదు. ఇంకొకామె వచ్చింది. తర్వాత బట్టలు నేసేవాళ్ళ వీధి ఆడవాళ్ళు వచ్చారు. ఎవరో దీపం పెట్టారు. ఎవరో సాంబ్రాణి వేశారు.

గ్లికోన్ నా చెవిలో, రోమ్ ఒప్పుకోకముందే మన ఊరు గుడి ఊడ్చే ఊరైపోయింది మావా అన్నాడు. నవ్వుతాడనుకుని చూశాను. నవ్వడం లేదు.

ఇప్పుడు నా సంగతి. ఆ నాణెం పెట్టె దాటకూడనిది. దాని మీద ఇంకా రాని బిరుదు ఉంది. దాటించింది నేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కానీ ఆమె కాళ్ళ ముందున్న గొయ్యి ఇంకా లోతు.

క్సాందికోస్ 13

ఆమెను కదల్చలేక ఊరి సభే సంతకు వచ్చింది. పెద్దలందరూ కూరగాయల బుట్టల మధ్య బల్లలు వేయించుకుని కూర్చున్నారు. హెర్మొలావోస్ గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

వాదనలో ఆరితేరిన ముసలాయన ఒకరు లేచారు. ధర్మం విగ్రహం గురించి చెప్పింది, చిల్లర గురించి చెప్పలేదయ్యా అన్నారు. దీన్ని ఒప్పుకుంటే రేపు సంతకెళ్ళిన ప్రతి బానిసా ఉల్లిపాయల డబ్బులు పైకెత్తి నిలబడతాడు, మన బట్టలెవడు ఉతుకుతాడు, మీరా నేనా అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. నవ్వు తెప్పించిన మాట నెగ్గుతుందని పెద్దలంటారు.

అప్పుడు అతిథుల బల్ల మీంచి ఏటవతలి ఊరి పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. అమ్మవారి పండగకని వచ్చిన మనిషి. చాలా మెత్తగా మాట్లాడాడు. అయితే మీ ఊళ్ళో చక్రవర్తి ముఖం ఉత్త కంచేనన్నమాట, మంచి మాట తెలిసింది, రోమ్‌లో ఉన్న మా వాళ్ళకు రాస్తాను, వాళ్ళూ సంతోషిస్తారు అన్నాడు.

నవ్వులు ఎక్కడివక్కడ చచ్చిపోయాయి. ముసలాయన కూర్చోడానికి బల్ల తడుముకున్నారు.

ఆ పెద్దమనిషి లేచి త్రొఫిమే దగ్గరికి నడిచాడు. రెండో వైపు చూపిస్తావామ్మా అన్నాడు. ఆమె నాణెం వదలకుండా వేళ్ళతోనే తిప్పింది. ఆయన వంగి చదివాడు. గుడి చూశాడు, బిరుదు చూశాడు, పేరు చూశాడు. ఈ గుడి ఎక్కడుందండీ హెర్మొలావోస్ గారూ, ఊరంతా తిరిగాను, నా కంటబడలేదే అన్నాడు.

ఇవ్వని బిరుదు పెట్టుకోవడం చిన్న నేరం కాదు. అయ్యగారి కళ్ళు జనంలో నన్ను వెతికి పట్టుకున్నాయి. ఈ చేతులు ఈ రోజుతో సరి అనుకున్నాను.

కానీ ఆయనకు తెలివి తక్కువ కాదు, ఒప్పుకోవాలి. ఆ చూపు నా మీంచి తీసి త్రొఫిమే మీద పెట్టారు. లేచి నిలబడి చెయ్యి చాచారు. అది చెల్లే నాణెం కాదు, మొక్కుబడి నాణెం అన్నారు. గుడి కడతామని మొక్కుకున్నాం, మొక్కు మరిచిపోకుండా కంచులో పోసుకున్నాం, ఆ గుడికి మా ఇంటి నుంచి తొలి కానుక ఈ మనిషి, ఈ క్షణం నుంచి నాది కాదు, దేవుడి సొత్తు అన్నారు. చివరికొచ్చేసరికి ఆయన గొంతు నిజంగానే గద్గదమైంది. తన మాటకు తానే చలించిపోయే రకం.

ఏటవతలి పెద్దమనిషి, దేవుడికిచ్చింది వెనక్కి తీసుకోరు కదా మీ ఊళ్ళో అన్నాడు. అంత నీచులం కాదన్నారు హెర్మొలావోస్ గారు. ఆ మాట రాతి మీద చెక్కించమన్నాడు. సాయంత్రానికల్లా ఖాళీ దిమ్మె మీద చెక్కేశారు. నేనే చెక్కాను. సూటి అక్షరాలు చెక్కడం అలవాటు తప్పింది, రెండుసార్లు గీత వంకరపోయింది.

అప్పుడు గానీ త్రొఫిమే చెయ్యి దించలేదు. వేళ్ళు విప్పడం ఆమె వల్ల కాలేదు. అమ్మియా ఆ చెయ్యి తన ఒడిలో పెట్టుకుని ఒక్కొక్క వేలే విప్పింది. అరచేతిలో నా గుడి అచ్చు పడి ఉంది, ఎర్రగా, తిరగబడి. కొలిమిలో నేను చెక్కిన అచ్చు కూడా ఇంత లోతుగా లేదు.

క్సాందికోస్ 20

పాలరాయి బేరం పోయింది, బండి వంటమనిషి లేకుండా వెళ్ళిపోయింది. త్రొఫిమే మా వెనక గదిలో ఉంటోంది. అయ్యగారు నన్నేమీ అనలేదు. మధ్యాహ్నం పులుసు పంపడం మాత్రం మానేశారు.

అర్తెమీసియోస్ నెల 28

రాయబారులు వచ్చారు.

అర్తెమీసియోస్ 29

నిన్న రాయబుద్ధి కాలేదు. బిరుదు ఏటవతలి ఊరికిచ్చారు. మాకు మంచి మాటలతో ఒక జాబు ఇచ్చారు. నాటకశాలలో అది చదువుతుంటే ముసలివాళ్ళు చంటిపిల్లల్లా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎక్కడో ఉన్న ఆయన చూపు ఒక్కసారి మా ఊరి మీద పడితే చాలనుకున్నాం. ఇక ఆ గుడి లేదు. మా కాలంలో లేదు.

దైసియోస్ నెల 3

హెర్మొలావోస్ గారు తాళంచెవితో వచ్చారు. నాలుగైదు రోజుల్లో పదేళ్ళు మీదపడ్డట్టున్నారు. పెట్టె తెరిచి, కొట్టినవన్నీ కరిగించెయ్ అన్నారు. కరిగించాను. ముఖం అచ్చు ఉండనిచ్చి గుడి అచ్చును అడ్డంగా ఉలితో కొట్టమన్నారు. గ్లికోన్ నా వల్ల కాదని బయటికెళ్ళిపోయాడు. నేనే కొట్టాను. మెట్ల దగ్గర మొదలై పగులు దేవుడి దాకా పోయింది.

తొలిదెబ్బది ఏది అన్నారు. త్రొఫిమే వెనక గదిలోంచి వచ్చి నిలబడింది.

అయ్యగారు ఆమెను చూసి, గుడే లేదు, ఇక గుడి సొత్తేమిటి, ఇంటికి పద అన్నారు. కోపంతో అనలేదు. ఇల్లంతా బోసిపోయింది, నీ చేతి కూడు లేక ముద్ద దిగడం లేదు అని కూడా అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. ఆ మాటకు లొంగుతుందేమోనని నాకు భయమేసింది.

త్రొఫిమే, నేను గుడిదాన్నయ్యా, గుడి వచ్చి పొమ్మంటే వస్తాను అంది.

ఏ గుడే, ఎక్కడుందే అన్నారు ఆయన.

ఆమె పిడికిలి విప్పింది.

ఆయన చూశారు. అంచున తన పేరు ఉంది. లోపల తలుపులు తెరిచి ఉన్నాయి. ఆ నాణెం లాక్కోడానికి ఆ గదిలో అడ్డం పడేవాళ్ళు లేరు. ఏటవతలి పెద్దమనిషి లేడు, సభ లేదు, నేను ముసలివాణ్ణి. అయినా ఆయన చెయ్యి లేవలేదు. సంతలో ఆయన మనిషి నిలబడ్డట్టే నిలబడిపోయారు. తర్వాత రెండు వేళ్ళు పెదవులకు ఆనించి, ఆ అరచేతికేసి గాలిలో ఒక ముద్దు పెట్టి, గుమ్మం దిగి వెళ్ళిపోయారు. మేము దేవుడికి మొక్కేది అలాగే.

దైసియోస్ 4

విగ్రహాన్ని మళ్ళీ దిమ్మె మీదికి ఎక్కించారు. బంగారు పూత సగమే పడింది.

లోఓస్ నెల 1

కొండవాలున తాళ్ళు ఎవరో విప్పుకుపోయారు. మేకులు కూడా లేవు. త్రొఫిమే రోజూ పొద్దున్నే చీపురు పట్టుకెళ్ళి ఆ నేల ఊడ్చి వస్తోంది. మేకలు తోలుకునేవాళ్ళు చుట్టూ తిరిగి పోతున్నారు, అడ్డంగా ఎవరూ నడవడం లేదు. ఈ రోజు నేనూ వెళ్ళాను. మెట్లు ఉండాల్సిన చోట చెప్పులు విప్పాను.